బస్తా నంబరు నూట పద్నాలుగు

ఎర్రబట్ట ముడి విప్పంగనే
ముందుగాల తుమ్ము రావాలె.
రాకుంటే అది పాత కాయితమే కాదనేటోడు
మా యాకూబ్ పాషా.
హన్మకొండ కలెక్టరాఫీసు రికార్డు రూముల
ముప్పయ్యొక్క ఏండ్లు
నిచ్చెన మీదనే బతికిన మనిషి.
ఏ ఊరి పహాణీ ఏ అరల ఉందో
కరెంటు పోయినా చెయ్యి పెట్టి తీసేటోడు.
"సుభా పొయ్యింది, తాలూకా పొయ్యింది,
సమితి పొయ్యి మండలమొచ్చింది.
బట్ట మాత్రం అదే. ఉతకకు."
కొలువుల చేరిన్నాడు నాకు చెప్పిన పాఠం
ఇదొక్కటే.

ఆ దసరాకు మాకు సెలవు లేదు.
ఒక్క జిల్లాను విప్పి
ఐదు కుప్పలు పోస్తున్నం.
జనగామ ఈ గోడకు,
మానుకోట కిటికీ కింద,
భూపాలపల్లి తలుపు పక్కన,
రూరలు బల్ల మీద,
అర్బను ఉన్నకాడనే.
సూపరింటెండెంటు సుద్దముక్కతోని నేల మీద గీతలు గీసిండు.
నేను చాయ్ గిలాసలు పట్టుకొని
మానుకోటల కాలు పెడితే
"మొగిలీ, జిల్లా దాటినవ్‌రో" అని ఒక్కటే నవ్వుడు.
మధ్యాహ్నం దాక
ఆ గీతలు మా చెప్పులకంటుకొని
రూమంతా తెల్లగైంది.

పొద్దుగూకేటప్పుడు
ఎవరో జమ్మి తెచ్చి
అందరి చేతులల్ల బంగారం పెట్టి అలాయి బలాయి తీసుకున్నరు.
పాషా తన వంతు రెమ్మను
ఇప్పలకుంట బస్తాల దోపి ముడేసిండు,
నంబరు నూట పద్నాలుగు.
"దీన్ని రిజిస్టర్ల ఎక్కియ్యకు.
బంగారమంటే ఆడిట్ అడుగుతది."

రిజిస్టర్ల ఎక్కినయి వేరే:
బస్తాలు నాలుగు వందల పన్నెండు
బీరువాలు తొమ్మిది
ఫ్యాను ఒకటి, రెక్క వంగినది
రికార్డు అసిస్టెంటు ఒకరు.
ఆ ఒకరు నేనే.
డీసీఎంల బస్తాల మీద కూసొని
భూపాలపల్లి పోయిన.
బొగ్గుబాయి సైరనుకు చాయ్ తాగుడు నేర్చుకున్న.
అర్రలు సర్దుకునెటాళ్లకు
రెండున్నరేండ్లు గూడ నిండలే,
మళ్ళ అదే డీసీఎం.
ఈసారి ములుగు.
ఫ్యాను రెక్క ఇంకా వంగే ఉంది.

నిన్న కొట్టెం సారక్క వచ్చింది, ఇప్పలకుంట ఆమె.
ఓటరు కార్డుల వరంగల్లు,
రేషన్ కార్డుల భూపాలపల్లి,
మనుమరాలి సర్టిఫికెట్ల ములుగు,
ఇంటి దర్వాజ మాత్రం ఎప్పటి దిక్కే.
నేనేడిదాన్ని బిడ్డా అని అడుగుతదనుకున్న.
అడుగలే.
బల్ల మీద సద్దిగిన్నె పెట్టి అన్నది:
"హన్మకొండకైతే కోడికూతకు లేచి బస్సెక్కేది.
ఒక్క దస్కతుకు రెండు పొద్దులు.
ఇప్పుడు గొడ్లు ఇంటికొచ్చే యాళ్లకు నేను గూడ ఇంట్ల ఉంట.
నీ నోట్ల చక్కెర పొయ్య, మంచిగనే చేసిండ్రు.
గని సారూ,
దగ్గరున్నోళ్లు గూడ రేపు రమ్మంటరా?"

నూట పద్నాలుగు దించిన.
ముడి విప్పిన.
తుమ్ము వచ్చింది.
జమ్మి రెమ్మ రాలింది, ఎండి, ఆకులు ఇంకా పట్టుకొనే.
సారక్క పేరు దొరికింది, తండ్రి పేరు దొరికింది.
వాగవతలి రెండెకరాల కాయితమే లేదు.
ముందటి పేజీ ఉంది, ఎనుకటి పేజీ ఉంది,
నడుమ దారం పోగు వేలాడుతున్నది.

పాషాకు ఫోన్ చేసిన.
రిటైరయ్యి ఏండ్లాయె, చెవులు సరిగ వినవడవు.
ఊరి పేరు రెండుసార్లు చెప్పిన.
ఒక్క క్షణం ఆగలే:
"నూట పద్నాలుగుల దేవులాడకు.
నూట పదిహేడు. ఎడమ దిక్కు బీరువా,
కింద నుంచి మూడో అర. చెయ్యి పెట్టు, తగులుతది."

ఆ బీరువా ఇప్పుడు ఏ జిల్లాల ఉందో
ఆయనకు చెప్పలే.
"దొరికిందా?" అంటున్నడు.
సారక్క రాలిన జమ్మి ఏరి
కొంగున ముడేసుకుంటున్నది.
"దొరికిందారా మొగిలీ?"
చెయ్యి పెడుతున్న పాషా భాయ్,
ఇంకా పెడుతనే ఉన్న.